కంచం పొత్తు: పనిచోట బాక్సు ఎందుకు పంచుకుంటాం?

మన పక్క మనిషి మనిషికి ఎదురుపడితే ముందు వచ్చే మాట "అన్నం తింటివా?". తిరుపతి బస్టాండ్‌లో అయినా, పీలేరు సంతలో అయినా, చిత్తూరు కలెక్టరాఫీసు మెట్ల మీద అయినా ఇదే. "తింటి, నువ్వు?" అంటే మాట ముందుకి పోతుంది. "ఇంకా లేదు" అన్నామా, ఇక అయిపోయినట్టే. ఎందుకు తినలేదు, ఏమైంది, రా తిందువు అని మొదలవుతుంది. ఊరికే పలకరింపులా కనిపించే ఈ ప్రశ్నలో పెద్ద విషయమే ఉంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

మనలో చాలామందిమి ఇంకో రెండేళ్లలో ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో చేరతాం. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో రెజ్యూమే ఎలా రాయాలో చెప్తారు. గ్రూప్ డిస్కషన్‌లో ఎప్పుడు నోరు తెరవాలో చెప్తారు. మధ్యాహ్నం 1 గంటకి కాంటీన్‌లో ట్రే పట్టుకుని నిలబడ్డప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కానీ చేరిపోయిన సీనియర్లని అడిగి చూడండి. మొదటి నెలలో కోడ్ కన్నా ఆ అరగంటే కష్టంగా ఉండిందని చెప్పేవాళ్లు ఒకరిద్దరైనా దొరుకుతారు. ఆ అరగంట కుదిరితే మిగతా 8 గంటలూ కుదురుతాయి. ఎందుకలా? కలిసి తింటే మనుషుల మధ్య అసలు ఏం జరుగుతుంది?

మాటలోనే జవాబు ఉంది

ఇంగ్లీషులో కంపానియన్ అనే మాట ఉంది కదా. లాటిన్‌లో 'కమ్' అంటే తోడు, 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడే కంపానియన్. కంపెనీ అనే మాట కూడా ఆ కుటుంబం నుంచే వచ్చింది. అంటే మనం ఏ కంపెనీలో చేరినా, పేరు ప్రకారం అది కలిసి తినేవాళ్ల గుంపు.

ఇది చదివి ఆశ్చర్యపోయేలోపు మన భాష వైపు చూడండి. 'పొత్తు' అంటే ఇప్పుడు మనకి ఎన్నికలే గుర్తొస్తాయి. ఏ పార్టీకి ఏ పార్టీతో పొత్తు, ఎన్ని సీట్లు అని. కానీ పొత్తు అంటే కలిసి తినడం అనే అర్థం కూడా ఉంది. కలిసి తినేంత దగ్గరైన రెండు కులాలకి 'కంచం పొత్తు' ఉందనీ, పెళ్లిళ్లు కూడా చేసుకుంటే 'మంచం పొత్తు' ఉందనీ పెద్దవాళ్లు అంటారు. ఎవరు ఎవరికి ఎంత దగ్గరో కొలవడానికి మనవాళ్లు వాడిన స్కేలు కంచమే. ఈ మాటలో మంచీ ఉంది, చెడూ ఉంది. చెడు సంగతి తర్వాత చెప్తాను.

పనిచోట లంచ్ గురించి తెలుగులో అందరికీ తెలిసిన కథ పోతన భాగవతంలో ఉంది. దశమ స్కంధంలో కృష్ణుడూ గోపబాలురూ చల్దులు తినే ఘట్టం. దాన్ని ఎప్పుడూ భక్తి కథగానే చదువుతాం. ఒకసారి ఆఫీసు కథగా చదవండి. వాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. దూడలు కాయడం వాళ్ల పని. ఎండ ఎక్కింది, మడుగు పక్కన కూర్చున్నారు, ఎవరి చిక్కం వాళ్లు విప్పారు. ఒకడు ఊరగాయ చూపించి ఊరిస్తాడు, ఇంకొకడు పక్కవాడిది లాక్కుంటాడు, ఇంకొకడు రుచి చూడమని ఇస్తాడు. కృష్ణుడు మధ్యలో, చేతిలో పెరుగన్నం ముద్ద. ఇంతలో దూడలు మాయం! లంచ్ బ్రేక్ ఎక్కువైతే ప్రొడక్షన్ దెబ్బ తింటుందని అప్పుడే తెలిసింది. కృష్ణుడు ముద్ద చేత్తో పట్టుకునే వెతకడానికి పోతాడు. బ్రహ్మ మాయ వల్ల ఏడాది గడిచిపోతుంది. పిల్లలకి మాత్రం క్షణంలా ఉంటుంది. కృష్ణుడు తిరిగి రాగానే వాళ్లు ఏమంటారు? నువ్వు లేకుండా మేం ఒక్క ముద్ద కూడా తినలేదు, రా, అంటారు. ఒక టీమ్ గురించి ఇంతకన్నా ఏం చెప్పాలి? మన పనికి వెళ్లినవాడు వచ్చేదాకా మూత తీయకుండా ఆగడం.

చేలో: పనికి లెక్క, సంగటికి లెక్క లేదు

మా అవ్వది పీలేరు పక్క పల్లె. చెనక్కాయ పంట గురించి ఆమెను కదిపితే గంట సేపు చెప్తుంది. చెనక్కాయ పీకడానికి అదను ఉంటుంది. నేల తడిగా ఉన్నప్పుడే పీకాలి. ఆరిపోయి గట్టిపడితే చెట్టు చేతికొస్తుంది, కాయ నేలలోనే తెగిపోతుంది. చిక్కేమిటంటే ఆ అదను ఊళ్లో అందరి చేలకీ ఒకేసారి వస్తుంది. కూలోళ్లు చాలరు. అందుకని ఒక ఏర్పాటు. ఇవాళ మీ చేనికి మేం వస్తాం, ఎల్లుండి మా చేనికి మీరు రండి. దీన్నే ముయ్యి అంటారు. ముయ్యి అంటే బదులు.

ముయ్యిలో పనికి లెక్క కచ్చితంగా ఉంటుంది. మా ఇంటి నుంచి ఇద్దరు వస్తే మీ ఇంటి నుంచి ఇద్దరు రావాలి. ఒకరు తగ్గితే మాట వస్తుంది. కానీ ఎవరి చేలో పని జరుగుతోందో వాళ్లు ఆ రోజు సద్ది తెస్తారు. రాగిసంగటి, చెనక్కాయల ఊరిమిండి, ఏదో ఒక పప్పో పుల్లగూరో, కుండలో మజ్జిగ. దీనికి మాత్రం లెక్క ఉండదు. ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారని ఎవరూ రాసుకోరు. చేనామె అందరికీ పెట్టి చివర్లో తింటుంది. "పనికి లెక్క లేకుంటే కొట్లాట, కూటికి లెక్క ఉంటే కొట్లాట" అని మా అవ్వ అంటుంది.

దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. లెక్క సరిపోతే సంబంధం కూడా అక్కడితో సరి. కూలి ఇచ్చేశాం, అయిపోయింది, ఇంటికి పో. లెక్క తేలకపోతేనే ఇంకోసారి కలవాల్సి వస్తుంది. నిన్న నీ బాక్సులో చిత్రాన్నం నేను తిన్నాను, ఇవాళ మా అమ్మ చేసిన ఓళిగలు నువ్వు తిను. రెండూ సమానమా? ఎవరికి తెలుసు? ఎవరూ లెక్క వేయరు. అందుకే రేపు కూడా పక్కపక్కనే కూర్చుంటాం. ఆఫీసులో జీతం, అప్రైజల్, టికెట్ల సంఖ్య అన్నీ లెక్కలే. ఆ భవనంలో లెక్క లేనిది లంచ్ టేబుల్ ఒక్కటే.

బస్సులో: బాక్సు చెప్పే సంగతులు

మా నాయన ఆర్టీసీలో కండక్టరు. తిరుపతి నుంచి మదనపల్లె రూట్‌లో చాలా ఏళ్లు చేశాడు. ఆర్టీసీ బస్సు చాలా చిన్న ఆఫీసు. స్టాఫ్ ఇద్దరే. డ్రైవరు ముందు, కండక్టరు వెనక. బస్సు నడుస్తున్నంతసేపూ ఇద్దరి మధ్య మాటలు ఉండవు, విజిల్ ఒక్కటే. భాకరాపేట ఘాట్‌లో డ్రైవర్ని ఎవరూ కదిలించరు. కాబట్టి ఇద్దరూ మనుషుల్లా మాట్లాడుకునేది క్యారియర్ విప్పినప్పుడే. నైట్ హాల్ట్ బస్సులైతే ఇంకా ఎక్కువ. రాత్రి పల్లెలో బస్సు ఆపి అక్కడే పడుకుని తెల్లారి మొదటి ట్రిప్ తీయాలి. ఆ రాత్రి ఇద్దరి బాక్సులూ కలిస్తేనే భోజనం.

ఒకసారి మా నాయనతో చేసే డ్రైవరన్న వరసగా నాలుగు రోజులు బాక్సు తేలేదు. హోటల్లో తింటున్నాడు. అడిగితే "ఊరికే, ఇంట్లో కుదర్లేదు" అన్నాడు. ఐదో రోజు మా నాయన గట్టిగా అడిగితే తేలింది, వాళ్లావిడ రుయా ఆస్పత్రిలో ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ సాయంత్రం నుంచి తోటివాళ్లు డ్యూటీలు మార్చుకుని ఆయన్ని పగలు ఖాళీ చేశారు. రెండు బాక్సులు ఎక్కువ వెళ్లాయి, ఒకటి మా ఇంటి నుంచే. డిపోలో ఏ రిజిస్టర్ చూసినా ఆయన రోజూ డ్యూటీకి వచ్చినట్టే ఉంటుంది. లేనిది బాక్సు ఒక్కటే. దాన్ని చూడాలంటే పక్కన కూర్చుని తినాలి.

బాక్సులో ఇల్లు కనిపిస్తుంది. ఊరగాయ మాత్రమే ఉంటే నెలాఖరు. ఉన్నట్టుండి పాయసం వస్తే ఇంట్లో ఎవరిదో పుట్టినరోజు. కూర మాడితే ఇవాళ వండింది నాయన. మనం అడగక్కర్లేదు, వాళ్లు చెప్పక్కర్లేదు. హెచ్‌ఆర్ వాళ్లు ఎన్ని సర్వే ఫారాలు పంపినా ఇంత సమాచారం రాదు.

పరిశోధకులు ఏమన్నారు

ఇదంతా మనకి అనుభవం. దీన్ని కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన కెవిన్ నిఫిన్, ఇంకో ముగ్గురు కలిసి 2015లో అగ్నిమాపక కేంద్రాల మీద ఒక పేపర్ వేశారు. ముందు 13 ఫైర్ స్టేషన్లకి వెళ్లి మాట్లాడారు. తర్వాత 395 మంది సూపర్‌వైజర్లకి ప్రశ్నలు పంపారు. కలిసి వండుకుని తినే టీమ్‌లు పనిలో కూడా బాగా చేస్తున్నాయని సూపర్‌వైజర్లు చెప్పారు. ఎవరైనా అందరితో కలిసి తినడం మానేస్తే ఆ టీమ్‌లో ఏదో తేడా వచ్చిందని అర్థమట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ నలుగురిలో ఒకరైన బ్రయన్ వాన్సింక్ మీద తర్వాత పెద్ద గొడవ అయింది. ఆయన వేరే పరిశోధనల్లో తప్పులున్నాయని 2018లో కార్నెల్ విచారణ తేల్చింది, ఆయన పేపర్లు పదికి పైగా వెనక్కి తీసేశారు. అదీగాక ఇందులో ఇంకో ప్రశ్న ఉంది. కలిసి తినడం వల్ల టీమ్ బాగైందా, టీమ్ బాగుంది కాబట్టి కలిసి తింటున్నారా? సర్వేతో ఇది తేలదు. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రాబిన్ డన్‌బార్ 2017లో బ్రిటన్‌లో చేసిన సర్వే కూడా ఇలాంటిదే. తరచుగా నలుగురితో కలిసి తినేవాళ్లకి స్నేహితులు ఎక్కువ, చుట్టుపక్కలవాళ్ల మీద నమ్మకం ఎక్కువ అని తేలింది. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది అలాగే మిగిలింది.

అది తేలాలంటే ప్రయోగం చేయాలి. కేట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ అదే చేశారు. ఒకరికొకరు తెలియని ఇద్దర్ని కూర్చోబెట్టి చిప్స్, సల్సా ఇచ్చారు. కొన్ని జంటలకి ఒకే గిన్నె, కొన్ని జంటలకి చెరో గిన్నె. తర్వాత ఒకరు మేనేజ్‌మెంట్, ఇంకొకరు యూనియన్ అనుకుని జీతం బేరం ఆడమన్నారు. ఒప్పందం కుదిరేదాకా ఆటలో సమ్మె రోజులు లెక్కపెడతారు. చెరో గిన్నెలో తిన్నవాళ్లకి సగటున 13 రోజులు పట్టింది. ఒకే గిన్నెలో తిన్నవాళ్లకి 9 రోజులే. తిండి అదే, మనుషులు ఎవరు ఎటు పడాలో ముందే అనుకున్నది కాదు. తేడా గిన్నె ఒక్కటే. ఈ పేపర్ 2019లో వచ్చింది.

గిన్నెకి అంత శక్తి ఎక్కడిది? ఒకే గిన్నెలోంచి తీసుకోవాలంటే పక్కవాడిని గమనించాలి. వాడి చేయి గిన్నెలో ఉంటే నేను ఆగాలి. చివరి ముక్క మిగిలితే తీసుకోవాలా వద్దా అని వాడి ముఖం చూడాలి. ఎవరూ నేర్పకుండానే ఇద్దరూ సర్దుకోవడం ప్రాక్టీస్ చేస్తున్నారు.

సీఎస్‌ఈ వాళ్లకి ఈపాటికి వెలిగి ఉంటుంది. ఇది మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్. 1965లో డైక్‌స్ట్రా పరీక్షలో ఒక లెక్క ఇచ్చాడు. దాన్ని తర్వాత టోనీ హోర్ భోజనాల బల్ల కథగా మార్చాడు. ఐదుగురు ఫిలాసఫర్లు, ఐదు ఫోర్కులు. తినాలంటే ఒక్కొక్కరికి రెండు ఫోర్కులు కావాలి. అందరూ ఒకేసారి ఎడమ ఫోర్కు తీసుకుని కుడిదాని కోసం చూస్తూ కూర్చుంటారు. ఎవరూ వదలరు, ఎవరూ తినరు. డెడ్‌లాక్. దీనికి సెమఫోర్ అనీ, మానిటర్ అనీ ఎన్నో పరిష్కారాలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. వాళ్లు ఎందుకు ఇరుక్కున్నారో తెలుసా? ఆ కథలో ఫిలాసఫర్లు ఒకరితో ఒకరు మాట్లాడరు. మన పక్క ఐదుగురు కూర్చుంటే డెడ్‌లాక్ రాదు. "నువ్వు తీస్కోన్నా", "అరే నువ్వు ముందు" అనే గొడవలో గిన్నె ఖాళీ అయిపోతుంది, అంతే.

చాపకూడు

ఈ సంగతి పరిశోధకుల కన్నా ముందే పట్టుకున్న మనిషి పల్నాడులో ఉన్నాడు. 12వ శతాబ్దంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే వంట పెట్టించాడు. దానిపేరే చాపకూడు. దళితుడైన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు.

దీన్ని మనం సంఘసంస్కరణ పాఠంగా చదువుకున్నాం. కరెక్టే. కానీ పని వైపు నుంచి కూడా చూడండి. సైన్యం కూడా పనిచేసే చోటే. రేపు యుద్ధంలో పక్కవాడి కత్తి మీద నా ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇవాళ వాడి పక్కన కూర్చుని తినను అంటే రేపు వాడిని ఎలా నమ్ముతాను? నన్ను వాడెలా నమ్ముతాడు? కన్నమదాసు ఆజ్ఞ ఇస్తే సైనికుడు వినాలంటే ముందు కన్నమదాసు ఉన్న చాప మీద వాడు కూర్చోవాలి. కార్తీకంలో కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు.

మన తిరుమలలో దీని ఇంకో రూపం చూడొచ్చు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1985 ఏప్రిల్ 6న నిత్యాన్నదానం మొదలైంది. ఇప్పుడు ఆ భవనానికి తరిగొండ వెంగమాంబ పేరు ఉంది. అక్కడ భక్తులు కలిసి తినడం అందరికీ తెలుసు. నాకు ఆసక్తిగా అనిపించేది వడ్డించేవాళ్ల సంగతి. 2000లో మొదలైన శ్రీవారి సేవలో భాగంగా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు కూరగాయలు తరుగుతారు, వడ్డిస్తారు. బ్యాంకు మేనేజరు, రైతు, రిటైర్డ్ టీచరు ఒకే గుమ్మడికాయల కుప్ప చుట్టూ కూర్చుంటారు. వారం తిరిగేసరికి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని ఊళ్లకి పోతారు. కలిసి తినడమే కాదు, నలుగురి కోసం కలిసి వండినా పొత్తు కుదురుతుంది.

పొత్తు కుదరని చోట

ఇప్పుడు చెడు సంగతి. మా అవ్వ చెప్పిన చెనక్కాయ చేలో ఇంకో విషయం కూడా ఉంది. ఆమె దాన్ని మెల్లగా, చివర్లో చెప్పింది. అందరూ ఒకే చేలో వంగి పీకేవాళ్లు. సద్ది వచ్చినప్పుడు మాత్రం కొందరు దూరంగా కానుగ చెట్టు కింద కూర్చునేవాళ్లు. వాళ్ల గిన్నెలు వాళ్లే తెచ్చుకోవాలి. పైనుంచి వేసేవాళ్లు. సంగటి అదే, చెట్టు వేరు. టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మన రాష్ట్రంలో ఎన్నో పల్లెల్లో నడిచింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేశాక కూడా నడిచింది. అంటే కంచం కలిపినంత గట్టిగా విడదీయగలదు కూడా. రోజంతా కలిసి పనిచేసి తిండి దగ్గర విడిపోతే, ఆ పని ఎంతసేపు చేసినా పొత్తు పుట్టదు.

అది పాత కాలం, ఇప్పుడు ఆఫీసుల్లో అలాంటివి లేవు అనుకుంటాం. ఒక చిన్న ప్రశ్న వినండి. "నువ్వు వెజ్జా, నాన్‌వెజ్జా?" చాలాసార్లు ఇది వట్టి మెనూ ప్రశ్నే. కొన్నిసార్లు దీనర్థం "మీరేమిట్లు?" అని. ఇంటిపేరుతో తేలనిది బాక్సుతో తేల్చుకుందామని. అడిగినవాళ్లకి తెలియకపోవచ్చు, సమాధానం చెప్పేవాళ్లకి మాత్రం తెలుసు. ఆ ప్రశ్న ఏ ఉద్దేశంతో వచ్చిందో వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఆ తర్వాత రోజు నుంచి బాక్సులో ఏం పెట్టాలో ఇంట్లో ఆలోచిస్తారు. ఇష్టమైన కూర మాని పెరుగన్నం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు టేబుల్ దగ్గర ఉన్నా లేనట్టే. శాకాహారులు విడిగా కూర్చోవడంలో తప్పులేదు, వాసన పడకపోవచ్చు. కానీ విడిగా కూర్చోవడానికీ, వెలివేయడానికీ తేడా ఉంది. మొదటిదాంట్లో "నువ్వు కానీ, నేను ఇటు కూర్చుంటా" అని నవ్వు ఉంటుంది.

ఇంకోటి, టైమ్. మా పెద్దమ్మ కూతురు ఒక ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్‌లో చేస్తుంది. లైన్ మీద మాట్లాడటం కుదరదు. అరగంట లంచ్. క్యూలో 10 నిమిషాలు, చేతులు కడగడానికి 3 నిమిషాలు, వెనక్కి నడవడానికి 5. మిగిలింది 12 నిమిషాలు. "ఆ 12 నిమిషాల్లోనే పక్క సీటు పిల్ల పేరు తెలుసుకున్నా" అని అక్క చెప్పింది. ఆ అరగంట కూడా ఊరికే రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 5 గంటలకి మించి ఏకబిగిన పని చేయించకూడదనీ, కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ రాశారు. 250 మందికి పైగా ఉంటే కాంటీన్, 150 మందికి పైగా ఉంటే తినడానికి గది ఉండాలన్నారు. కాంటీన్ నడిపే కమిటీలో కార్మికులకి చోటు ఉండాలని కూడా అందులో ఉంది. 2020 లేబర్ కోడ్‌లో కాంటీన్‌కి ఆ సంఖ్యని 100కి తగ్గించారు. టేబుల్ అనేది దయ కాదు, హక్కు అని చట్టం ఒప్పుకున్నట్టే.

ఆ హక్కు సరిగ్గా అందకపోతే ఏమవుతుందో 2021 డిసెంబరులో చూశాం. మనకి దగ్గర్లోనే, శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు హాస్టల్ తిండి తిని జబ్బుపడ్డారు. 150 మందికి పైగా ఆస్పత్రిలో చేరారు. మిగతావాళ్లు రాత్రికి రాత్రి చెన్నై-బెంగళూరు హైవే మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ మూతపడింది, జనవరిలో గానీ తెరవలేదు. ఒకే తిండి తిన్నారు కాబట్టే ఒకే బాధ పడ్డారు, కాబట్టే ఒకే రోడ్డు మీద కూర్చున్నారు. కంచం పొత్తు అంటే నవ్వులూ కబుర్లే కాదు. ఒక్కరు అడిగితే ఫిర్యాదు, అందరూ అడిగితే డిమాండ్.

అసలు టేబులే లేని పనులు కూడా ఇప్పుడు పెరిగాయి. లీలామహల్ సర్కిల్ దగ్గర రాత్రి 9 గంటలకి చూడండి. డెలివరీ అన్నలు బండి మీదే కూర్చుని ఫోన్ చూస్తుంటారు. ఊరంతటికీ తిండి మోసేవాళ్లకి తినడానికి చోటు లేదు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు బండ్లు దగ్గర పెట్టుకుని ఒక ప్యాకెట్ విప్పి సీటు మీద పెట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆప్ వాళ్లని ఒకరితో ఒకరు పోటీ పెడుతుంది, ఆర్డర్ ఎవరికి వస్తే వాళ్లకే డబ్బు. అయినా ప్యాకెట్ మధ్యలో పెట్టుకున్నారు. బండి సీటే వాళ్ల చాప.

మనం ఏం చేయొచ్చు

పెద్దగా ఏం లేదు. ఇంటర్న్‌షిప్‌కో ఉద్యోగానికో వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకోవడానికి నాలుగు సంగతులు.

ఒకటి, ఒక పిడికెడు ఎక్కువ తీసుకెళ్లండి. పంచడానికి బిర్యానీ అక్కర్లేదు, ఊరిమిండి చాలు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఆఫీసులో మన చెనక్కాయ ఊరిమిండి డబ్బా తీస్తే ఎంతమంది పలకరిస్తారో చూడండి.

రెండు, ఇవ్వడమే కాదు, తీసుకోండి కూడా. ఎప్పుడూ ఇచ్చేవాడే అయితే అది దానం అవుతుంది. పక్కవాళ్ల బాక్సులోంచి ఒక ముద్ద తిని "బాగుంది, ఎవరు చేశారు?" అంటే వాళ్ల ఇంట్లోకి అడుగుపెట్టినట్టు.

మూడు, ఎవరు ఏం తింటారని ముందే అడగొద్దు. బాక్సు మధ్యలో పెట్టి "ఇందులో ఇది ఉంది, కావాలంటే తీస్కో" అనండి. వద్దంటే కారణం అడగొద్దు. ఉపవాసం కావచ్చు, మందులు కావచ్చు, ఇష్టం లేకపోవచ్చు. కాంటీన్‌లో కొనుక్కునే డబ్బు లేక దూరంగా కూర్చునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లని "పద, నేను కొనిస్తా" అని అందరి ముందూ పిలవకండి, వాళ్ల దగ్గరికే మీ బాక్సు పట్టుకెళ్లి కూర్చోండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీని గమనించండి. కొత్తగా చేరినవాళ్లు, భాష రానివాళ్లు, హౌస్‌కీపింగ్ అక్కలు, సెక్యూరిటీ అన్నలు. వాళ్లూ ఆ ఆఫీసు స్టాఫే. వాళ్లు ఎక్కడ తింటున్నారో మీకు తెలియకపోతే ఆ ఆఫీసులో ఇంకా ఒక కానుగ చెట్టు ఉన్నట్టే. అది ఎక్కడుందో కనుక్కోవడానికి పెద్ద సర్వే అవసరం లేదు. మన పక్కవాళ్లు తరతరాలుగా అడుగుతున్న ఆ రెండు మాటలు చాలు. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడాలి.